తాతయ్య కొనిపెట్టే పొట్లాలు

వేసవి సెలవులకు పిల్లలను గుంటూరు తీసుకువెళ్లే ప్రవాస తల్లులలో చాలామందికి, అక్కడ కొన్ని వారాలైనా వాళ్లు ఇంటి తిండి తింటారన్న ఆశ ఉంటుంది. అయితే బ్రాడీపేటలో మా పుట్టింటి సందు మొదట్లోని కిరాణా కొట్టు ముందు వేలాడే చిప్స్ పొట్లాలు, లోపల పేర్చిన క్రీము బిస్కెట్లు, నూడుల్సు చూస్తే, న్యూజెర్సీలో మా పిల్లలు అడిగేవాటికీ వీటికీ పెద్ద తేడా కనబడదు. పైగా గుంటూరులో కొనిపెట్టేది తాతయ్య. పిల్లలు బొద్దుగా ఉంటేనే ఆయనకు ముచ్చట.

అందువల్ల మన తిండి మంచిది, అమెరికా తిండి చెడ్డది అని నేను పిల్లలకు చెప్పను. బ్రెజిల్‌లో కార్లోస్ మోంటెయిరో అనే పోషకాహార పరిశోధకుడి బృందం రూపొందించిన నోవా వర్గీకరణ కూడా ఆహారాన్ని దేశాన్ని బట్టి కాక, తయారైన తీరును బట్టి విడదీస్తుంది. దాని లెక్కలో ఆవకాయ ప్రాసెస్ చేసినదే గాని అల్ట్రా ప్రాసెస్డ్ కాదు. ఏ వంటింట్లోనూ కనిపించని ఎమల్సిఫయర్లు (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాలు), కృత్రిమ రుచులు, రంగులు కలిపి కర్మాగారాల్లో తయారుచేసేవి ఆ చివరి వర్గంలోకి వస్తాయి. అమ్మ వండే జంతికలు అందులోకి రావు. అలాగని పళ్లెం నిండా తినమని నేననను.

బరువు పెరగడంతో అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారానికున్న సంబంధాన్ని, అప్పట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం స్పష్టంగా చూపింది. 20 మంది పెద్దలను తమ వద్దే ఉంచుకుని, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాన్నీ, పెద్దగా ప్రాసెస్ చేయని ఆహారాన్నీ రెండేసి వారాలు పెట్టి, తినగలిగినంత తినమన్నారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సమానమే అయినా, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం తిన్నప్పుడు వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిని, దాదాపు 0.9 కిలో బరువు పెరిగారు. రెండో ఆహారంతో అంతే తగ్గారు. మెత్తటి అల్ట్రా ప్రాసెస్డ్ తిండిని వాళ్లు త్వరత్వరగా తిన్నారన్నది నన్ను ఆలోచింపజేసింది, ఎందుకంటే నగెట్లను నిమిషాల్లో ముగించే మా అబ్బాయి, అమ్మమ్మ పెట్టిన పులుసులోని ములక్కాడను చీల్చి, గుజ్జు జుర్రి, పిప్పి పక్కన పెట్టేసరికి కడుపు నిండిందని లేచిపోతాడు.

నాన్నగారితో వాదించే బదులు, సాయంత్రాలు పిల్లలను తాటిముంజల బండి దగ్గరకు తీసుకువెళ్లమని అడిగాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. న్యూజెర్సీలో ఆ వీలు లేదు గాని, మన సరుకుల దుకాణంలో గడ్డకట్టించిన ములక్కాడ ముక్కలు దొరుకుతాయి, వాటిలో ములక్కాడ తప్ప మరేమీ ఉండదు. ఆ పక్కనే ఉండే పరోటాల పొట్లం వెనుక ఏమేం రాశారో మాత్రం మా అమ్మాయి పైకి చదివి వినిపిస్తుంది, ఆ తరువాతే కొనాలా వద్దా అన్న చర్చ మొదలవుతుంది.