బడి వెనక మట్టిదిబ్బ, ఇసుకగుంట: మేం ఎలా చేశామంటే

మా ఊరి బడి వెనక పిల్లలు ఆడుకోవడానికి మట్టిదిబ్బ, ఇసుకగుంట చేశాం. అక్కడి జాగా నల్లరేగడి. గడ్డపార పట్టే ముందు ఒక గట్టి వాన కోసం ఆగాం. వాన వెలిశాక నీళ్లు ఏ దారిన పారాయో, ఎక్కడ నిలిచాయో చూసి ఆ అంచుల వెంట కర్రమేకులు కొట్టాం. ఆ మేకుల మధ్య, నీళ్లు చేరే జాగాలో, ఏదీ నిర్మించలేదు.

ఇసుకగుంట మెరక మూలన తవ్వాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. అడుగున 6 అంగుళాల కంకర, పైన అడుగు మందం కడిగిన ఏటి ఇసుక, అంటే 120 ఘనపుటడుగులు. రెంటి మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి ఇసుకను ఆపే గుడ్డ) పరవాలి, లేదంటే ఇసుక కంకర సందుల్లోకి దిగిపోతుంది. మేం చేసిన తప్పు పైపు వేయకపోవడం. రేగడిలో నీరు తొందరగా ఇంకదు. గుంట తొట్టిలా నిండి, వారానికే ఇసుక కంపు కొట్టింది. అంతా ఎత్తిపోసి, కంకరలో 4 అంగుళాల చిల్లుల పైపు పెట్టి, వాలుగా కాలువలోకి వదిలాం. క్రషర్ ఇసుక చవకే కానీ వద్దు: దాని పలుకులు పదునుగా ఉంటాయి, రాతిపొడి ఎక్కువైతే తడికి బిగుసుకుపోతుంది. రాత్రిళ్లు వల కప్పకపోతే కుక్కలూ పిల్లులూ పాడుచేస్తాయి.

దిబ్బకు తవ్విన రేగడి వాడలేదు. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు జారుతుంది. మొరం తోలించాం. ఎత్తు 3 అడుగులు, అడుగు ఎత్తుకు 3 అడుగుల వాలు, పైన 4 అడుగుల చదును. కింద 22 అడుగులు పట్టింది. అరడుగు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే మళ్లీ అరడుగు. ఒకేసారి కుప్ప పోస్తే మొదటి వానకే కుంగుతుంది. వాలు మీద గరిక నాటి, వేళ్లు పట్టేదాకా తాడు కట్టి పిల్లల్ని ఆపాం. వాళ్లను ఆపడమే అన్నిటికన్నా కష్టం!

పిల్లలు ఆడుకోవడానికి తుమ్మ మొద్దులు కూడా నిలబెట్టాం. వాటికి బెరడు పూర్తిగా ఒలిచేయాలి. తేళ్లు దూరేది బెరడు కిందే. మూడో వంతు భూమిలో దించి, చుట్టూ కంకర దట్టించాం. సిమెంటు పోస్తే అడుగున నీరు నిలిచి మొద్దు కుళ్లిపోతుంది. తేళ్లు దూరకుండా, రాళ్లు పేర్చిన చోట కూడా సందులన్నీ మట్టితో మెత్తాం.

నీడకు పడమటి వైపు కానుగ, వేప పెట్టాం. కంచె పక్కనున్న పచ్చగన్నేరు, ఆముదం మాత్రం వేళ్లతో సహా పీకేశాం. వాటి గింజలు విషం, చిన్నపిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు.