పాత బక్ 110, ఒక ష్రేడ్: లాక్‌బ్యాక్ చాకుల కలెక్షన్ అప్‌డేట్

ఈసారి కలెక్షన్‌లోకి కొత్తగా వచ్చినవి రెండే, రెండూ పాత చాకులే, కానీ ఒక్కోదాని మీద చాలా పని పట్టింది కాబట్టి ఏమేం చేశానో రాసి పెడుతున్నా, ఇదే దారిలో ఉన్నోళ్ళకి పనికొస్తుంది.

మొదటిది బక్ 110 ఫోల్డింగ్ హంటర్, అమెరికాలో బక్ అనే కంపెనీ చేసే మడత చాకు, తెరవగానే బ్లేడు లాక్ అయ్యే రకం (లాక్‌బ్యాక్ అంటే అదే). ఎప్పట్నుంచో 1980లకి ముందుది ఒకటి కావాలని వెతుకుతున్నా. డాలస్‌కి తూర్పున గంట దూరంలో కాంటన్ అని ఒక ఊరుంది, నెలలో మొదటి సోమవారానికి ముందొచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా అక్కడ పెద్ద సంత జరుగుతుంది, పాత పనిముట్లు అమ్మే పెద్దాయన దగ్గర సుత్తులు రెంచీల మధ్యలో దొరికింది. ఇత్తడి మొత్తం నల్లబడి ఉంది, తెరిస్తే లాక్ పడట్లేదు. అందుకే రేటు తక్కువ చెప్పాడు. నేను బ్లేడు మొదట్లో, పిడిలోకి వెళ్ళే చోట ఉన్న ముద్ర చూశాను, 110 అంకెకి రెండు పక్కలా చుక్కలున్నాయి, ఇంక బేరం కూడా ఆడలేదు.

ఈ ముద్ర చదవడం నేర్చుకుంటే బక్ కలెక్షన్లో సగం పని అయిపోయినట్టే. 1986 నుంచి కంపెనీ వాళ్ళు ఏటా ఒక గుర్తు వేస్తున్నారు మోడల్ నంబర్ పక్కన, దాన్ని బట్టి ఏ ఏడాదిదో చెప్పేయొచ్చు. గుర్తు లేదంటే అంతకంటే పాతది, చుక్కలుంటే 1970ల వైపు చూడాలి. ఆ కాలం వాటిలో స్టీల్ 440సీ, 1980ల్లో 425ఎం కి మారారు, తర్వాత 420హెచ్‌సీ, మామూలు 110లో ఇప్పటికీ అదే. 420హెచ్‌సీ అంటే చవక స్టీల్ అని తీసిపారేసేవాళ్ళున్నారు గానీ నేను ఒప్పుకోను, పాల్ బోస్ అనే ఆయన పద్ధతిలో హీట్ ట్రీట్‌మెంట్ చేసి గట్టిదనం 58 రాక్‌వెల్ దాకా (ఉక్కు గట్టిదనం కొలిచే లెక్క అది) తెస్తారు, అంచు బాగా నిలబడుతుంది, మొద్దుబారినా ఇంట్లో ఉన్న సానరాయితోనే తేలిగ్గా దారికొస్తుంది.

110 వచ్చింది 1964లో. హోయ్ట్ బక్ కుర్రతనంలో, 1902లో, కాన్సాస్‌లో కమ్మరం నేర్చుకుంటూ మొదటి కత్తి చేశాడు, కొడుకు అల్ బక్ శాన్ డియాగోలో కంపెనీ నడిపాడు. వేటగాళ్ళకి మొలకి పొడుగాటి కత్తి వేలాడదీసుకుని తిరగడం ఇబ్బంది, మామూలు మడత చాకేమో గట్టిగా ఒత్తితే వేళ్ళ మీదికి మూసుకుపోతుంది. అల్ బక్ చేసిందేంటంటే, ఈ లాక్‌బ్యాక్, అంటే పిడి వీపు మీద ఉండే లాక్, అంతకుముందే ఉన్నా దాన్ని మూడుముప్పావు అంగుళాల బ్లేడుకి పెట్టి, బరువైన ఇత్తడి ఫ్రేములో బిగించి, మడిచినా పెద్ద కత్తి పని చేసేలా తయారుచేశాడు. బరువు 200 గ్రాముల పైనే, జేబులో వేసుకుంటే ప్యాంటు కిందికి లాగుతుంది, అందుకే బెల్టుకి తోలు ఒర ఇస్తారు. ఫ్యాక్టరీ 2005లో ఐడహోలోని పోస్ట్ ఫాల్స్‌కి మారింది.

ఇక లాక్ సంగతి. లాక్‌బ్యాక్‌లో పిడి వీపు మీద ఒక పొడుగాటి ఉక్కు కడ్డీ ఉంటుంది, మధ్యలో పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది, వెనక చివర కింద స్ప్రింగ్ దాన్ని పైకి తోస్తూ ఉంటుంది కాబట్టి ముందు కొస ఎప్పుడూ కిందికి దిగాలనే చూస్తుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ కొసనున్న కొక్కెం బ్లేడు మొదట్లో ఉన్న గాడిలో పడుతుంది, టప్పుమని చప్పుడొస్తుంది. మూయాలంటే వెనక కొసని బొటనవేలితో నొక్కితే ముందు కొస లేస్తుంది. అంతే మెకానిజం. నా దాంట్లో ఆ గాడి నిండా ఏళ్ళ తరబడి చేరిన మట్టి, నూనె, బట్టల పీచు కలిసి రాయిలా గట్టిపడింది, కొక్కెం సగమే దిగుతోంది.

ముందు గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి కాసేపు ఉంచి (ఎక్కువసేపు నానబెట్టకూడదు, పిడి చెక్కది), పాత టూత్‌బ్రష్‌తో కీళ్ళు రుద్దాను, తర్వాత టూత్‌పిక్‌తో గాడిలోది కొంచెం కొంచెంగా గీరుతూ పోయాను. పిన్నీసు, సూది వద్దు, గాడి అంచు గీసుకుపోతే లాక్ శాశ్వతంగా వదులైపోతుంది. నల్లటి పెచ్చులు వరసగా ఊడాయి, చివర్లో ఒక ఇసక రేణువు గాడి మూలలో ఇరుక్కుని ఉంది, లైటు పెట్టి చూస్తే గానీ కనపడలేదు, అది బయటికి రాగానే కొక్కెం పూర్తిగా దిగింది. బాగా ఆరబెట్టి బ్లేడు పిన్ను దగ్గర ఒక చుక్క, కడ్డీ పిన్ను దగ్గర ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి తెరుస్తూ మూస్తూ ఉంటే నల్లగా కారుతుంది, తుడవడం, మళ్ళీ వేయడం, నూనె తెల్లగా వచ్చేదాకా. కొబ్బరినూనె, వంటనూనె వేయకండి, కొన్నాళ్ళకి జిగురు కట్టేస్తుంది. 110ని విప్పి క్లీన్ చేద్దామనుకోకండి, స్క్రూలుండవు, పిన్నులు కొట్టి బిగించినవి.

ఇత్తడి మాత్రం ముట్టుకోలేదు. మనిళ్ళల్లో చింతపండు పెట్టి తోమితే బిందెలు బంగారంలా మెరుస్తాయి నిజమే, కానీ ఇక్కడ ఆ పులుపు ఇత్తడికీ చెక్కకీ మధ్య సందులోకి దిగి లోపల తినేస్తుంది, పైగా ఆ నలుపే చాకు వయసు చెప్పేది. పాలిష్ చేసిన పాత చాకుకి కలెక్టర్లు తక్కువే ఇస్తారు, నేనూ అంతే. పచ్చటి చిలుం ఉంటే మాత్రం టూత్‌పిక్‌తో తీసేయాలి. ఆ చిలుం ఎక్కువగా తోలు ఒరలోనే దాచిపెట్టడం వల్ల వస్తుంది, తోలు ఊనడానికి వాడిన మందులు, చెమ్మ కలిసి ఇత్తడిని పట్టేస్తాయి, కాబట్టి ఒర వేరుగా, చాకు వేరుగా గుడ్డలో చుట్టి పెట్టండి.

పిడి చెక్క మకాసర్ ఎబొనీ, ముదురు గోధుమ మీద నల్ల చారలు. ఇండోనేషియా చెట్టు, కానీ మన అడవుల్లో బీడీలకి ఆకు కోసే తునికి చెట్టుది అదే జాతి అని తెలిసినప్పుడు భలే సంతోషమేసింది. దీనికి మినరల్ ఆయిల్ పల్చగా రాసి రాత్రంతా ఉంచి పొద్దున తుడిచాను, చారలు పైకి తేలాయి.

సాన పట్టడానికి 1000 గ్రిట్ రాయి చాలు (గ్రిట్ అంటే రాయి గరుకు లెక్క, అంకె పెరిగేకొద్దీ నున్నన). అంచు మీద నల్ల మార్కర్ పూసి రెండు లాగులు లాగి చూస్తే ఇంకు ఎక్కడ పోయిందో తెలుస్తుంది, కోణం దాన్ని బట్టి సరిచేసుకోవాలి, నేను ఒక్కో వైపు ఇరవై డిగ్రీల దగ్గర ఉంచుతా. ఒకవైపు పట్టాక రెండో వైపు బొటనవేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగలాలి, తగిలాకే తిప్పాలి. ఆఖర్న తోలు పట్టీ మీద అంచుని నాలుగుసార్లు లాగితే సరి. పాత బ్లేడు కదా, ఇనుము ఎక్కువ అరగదీయొద్దు.

రెండోది ష్రేడ్ అనే ఇంకో అమెరికా కంపెనీది, అంకుల్ హెన్రీ ఎల్‌బీ7 మోడల్, 110కి పోటీగా చేసినట్టే ఉంటుంది సైజులో. న్యూయార్క్ రాష్ట్రం ఎలెన్‌విల్‌లో ఉన్న ష్రేడ్ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది, తర్వాత అదే పేరుతో చైనాలో చేసినవి వచ్చాయి, కాబట్టి ముద్రలో యూఎస్ఏ అని ఉందో లేదో చూస్కోవాలి. దీనికి క్లీనింగ్ పెద్దగా అవసరం పడలేదు, కానీ తెరిచి పట్టుకుంటే బ్లేడు పైకీ కిందికీ కొంచెం ఆడుతోంది. పక్కలకి ఆడడం చాలా పాత వాటిలో ఉంటుంది, పర్లేదు, పైకీ కిందికీ ఆడితే లాక్ అరిగిందని అర్థం. అందుకే ఇది చూసుకోడానికే, పనికి వాడను. కొనేముందు ఇంకోటి కూడా చూడండి, తెరిచినప్పుడు వీపు మీద వేలు పోనిస్తే బ్లేడు, కడ్డీ కలిసే చోట మెట్టు తగలకూడదు. మంచి 110లో అతుకు దాదాపు తెలీదు. ఇత్తడి మెరుపు కంటే, పెట్టె ఉందా లేదా కంటే నేను ముందు చూసేది ఆ అతుకే.

రోజూ జేబులో ఉండేది మాత్రం స్పైడర్కో అనే కంపెనీది, డెలికా మోడల్. అదీ లాక్‌బ్యాకే, 1990 నుంచి వస్తోంది, జపాన్‌లో సెకి ఊళ్ళో చేస్తారు, నా దాంట్లో వీజీ-10 స్టీల్. బ్లేడుకి గుండ్రటి చిల్లు, జేబుకి క్లిప్పు అనే ఐడియా ఆ కంపెనీ 1981లోనే తెచ్చింది. లాక్ కడ్డీ నొక్కే చోట చిన్న పల్లం ఉంటుంది, డేవిడ్ బోయ్ అనే కత్తుల మేస్త్రి ఆలోచన, గట్టిగా పట్టుకున్నప్పుడు అరచెయ్యి కండ కడ్డీని నొక్కేసి లాక్ ఊడకుండా.

ఇండియాలో ఉండి మొదలుపెడదామని అడుగుతున్న తమ్ముళ్ళకి: ఆయుధాల రూల్స్‌లో తొమ్మిది అంగుళాల కంటే పొడుగు లేదా రెండంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్నవి, ఇంటిపనికో వ్యవసాయానికో చేసినవి కాకపోతే, లైసెన్స్ లెక్కలోకి వస్తాయి. ఇవేవీ ఆ దరిదాపుల్లో లేవు, అయినా జేబులో వేసుకుని గుళ్ళకీ సినిమాహాళ్ళకీ వెళ్ళకండి, ఫ్లైట్లో చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి.

తర్వాత వెతికేది జర్మనీ సోలింగెన్‌ది మెర్కేటర్ కే55కే, ఒకే రేకుని మడిచి చేసిన నల్ల పిడి, దాని మీద దూకుతున్న పిల్లి బొమ్మ, కార్బన్ స్టీల్ బ్లేడుదే కావాలి, నిమ్మకాయలు మామిడికాయలు కోసి కోసి దాని రంగు ఎలా మారుతుందో ఫొటోలతో సహా పెడతా.