పాయసం దగ్గర మొదలయ్యే చక్రాలు

చక్రధ్యానం, అంటే ఒంట్లోని శక్తికేంద్రాల మీద ధ్యానం, అనగానే వెన్నెముకలో మెరుపు పాకడం, కనుబొమల మధ్య వెలుగు కనబడటం గుర్తొస్తాయి. యూట్యూబ్ వీడియోలు కూడా ఆ ఆశనే పెంచుతున్నాయి. శుక్రవారాలు మన ఇళ్ళలో చదివే లలితా సహస్రనామంలో ఈ చక్రాల వరుస రెండు చోట్ల వస్తుంది. మొదటిది చాలామందికి నోటికి వచ్చిందే. "మూలాధారైకనిలయా బ్రహ్మగ్రంథివిభేదినీ" అని మొదలవుతుంది. గ్రంథి అంటే ముడి. నాభి దగ్గరి మణిపూరంలో విష్ణుగ్రంథి, కనుబొమల మధ్య ఆజ్ఞలో రుద్రగ్రంథి విడిపోయాక అమ్మవారు నడినెత్తిన ఉన్న సహస్రారం చేరి అమృతం కురిపిస్తుంది. కుండలిని అనే ఆ శక్తికి మెరుపుతీగ కాంతి ఉందంటూనే, తామరతూడులోని దారమంత సన్ననిదనీ చెబుతారు. మెరుపు కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ రెండో మాటను పెద్దగా పట్టించుకోరు.

నాకు ఎక్కువ ఇష్టమైనది రెండో వరుస. 475వ నామం "విశుద్ధిచక్రనిలయా" నుంచి 534వ నామం దాకా నడుస్తుంది. ఇక్కడ ఏడు చక్రాల్లో ఏడుగురు యోగినుల రూపాల్లో అమ్మవారు ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక రంగు, ఇన్ని ముఖాలని ఒక లెక్క, మన ఒంట్లో ఒక ధాతువు, ఇష్టమైన అన్నం. కంఠంలోని విశుద్ధిలో ఉన్న డాకినికి పాయసాన్నం ప్రీతి, చోటు చర్మం. గుండె దగ్గరి అనాహతంలో రాకినికి నేతి అన్నం, రక్తం. మణిపూరంలో లాకినికి బెల్లపు అన్నం, మాంసం. పొత్తికడుపులోని స్వాధిష్ఠానంలో కాకినికి దద్ధోజనం, కొవ్వు. వెన్నెముక అడుగున మూలాధారంలో సాకినికి పెసరపప్పు కలిపి వండిన అన్నం, ఎముకలు. ఆజ్ఞలో హాకినికి పసుపు అన్నం, మజ్జ. దసరా తొమ్మిది రోజుల నైవేద్యాల్లో వీటిలో సగం మనం వండేవే!

వరుస కంఠం దగ్గర మొదలై కిందికి దిగడం, మూలాధారం నుంచి ఒక్కసారిగా ఆజ్ఞకు ఎక్కడం మొదట వింతగా ఉంటుంది. ధాతువులను చూస్తే సంగతి తెలుస్తుంది. చర్మం, రక్తం, మాంసం, కొవ్వు, ఎముక, మజ్జ: పైనుంచి లోపలికి ప్రయాణం. లోపలికి వెళ్ళేకొద్దీ అమ్మవారి ముఖాలు కూడా ఒకటి, రెండు, మూడు అంటూ ఆజ్ఞలో ఆరు దాకా పెరుగుతాయి. సహస్రారంలో ఆమె సర్వతోముఖి.

దేహాన్ని దాటిపోవడమే జాగృతి అనుకునేవాళ్ళు ఈ శ్లోకాలను ఒకసారి నిదానంగా చదవాలి. మోకాళ్ళ నొప్పులు పెట్టే ఎముకల్లోనూ, తగ్గించుకోవాలని మనం టెన్షన్ పడే కొవ్వులోనూ ఆమెకు పీఠం వేశారు. ఆమె అక్కడ కూర్చుని పెరుగన్నం కావాలంటోంది. ఇంతకన్నా దగ్గరి దేవతను నేనెక్కడా చూడలేదు.

వీడియోలు చూసి ఊపిరి బిగబట్టే కుంభకాలు మొదలుపెట్టకండి, అవి గురువు దగ్గర నేర్చుకోవాల్సినవి. ఈ అరవై నామాలకు అంత భయం లేదు. పారాయణంలో ఈ భాగం వచ్చినప్పుడు వేగం తగ్గించి, ఏ చక్రం పేరు వస్తే మనసును ఆ చోట నిలిపితే చాలు. మామూలుగా చదివితే రెండు మూడు నిమిషాల భాగం, ఇలా చదివితే పది నిమిషాలు పట్టవచ్చు. నైవేద్యం ఏం పెట్టాలని అడిగేవాళ్ళకు సహస్రారంలోని యాకిని నామాల్లోనే జవాబుంది: "సర్వౌదనప్రీతచిత్తా". ఏ అన్నమైనా ఆమెకు ఇష్టమే.