కనుమ దాటిన ఆదివారం: చెరువు దగ్గర నా మొదటి లెక్క

22 ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేశాను. సాయంత్రం లెక్క తేలేదాకా లేవకూడదు. పది రూపాయలు తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచీ చూడాల్సిందే. ఆ పనిలో 'సుమారు' అనే మాటకు చోటు లేదు. అందుకే డిసెంబరులో మా పక్షుల గ్రూపు వాళ్లు, "జనవరిలో చెరువుల దగ్గర నీటిపక్షుల్ని లెక్కపెట్టాలి, మనుషులు చాలడం లేదు" అని అడిగినప్పుడు నేను వెంటనే పేరిచ్చాను. లెక్క అంటే నాకు భయం లేదు.

నేను ఆ గ్రూపులో చేరి అప్పటికి నెలన్నరే అయింది. హైదరాబాద్‌కు పడమటి వైపు, సంగారెడ్డి దారిలో మా ఇల్లు. నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నే ఆరుంపావుకు ఏదో ఒక చెరువుగట్టు మీద కలుస్తారు. మాది కైకలూరు. కొల్లేరు పక్కన పెరిగినదాన్ని కాబట్టి గూడబాతు, నీటికాకి, నత్తగుల్ల కొంగ, లకుముకి పిట్ట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ చలికాలంలో వచ్చే బాతుల్ని మా ఇంట్లో అందరూ 'బాతులు' అనేవాళ్లు, అంతే. అందులో ఇన్ని రకాలున్నాయని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. తోక సూదిలా సాగి, గోధుమరంగు మెడ పక్కన తెల్లగీత ఉన్నది పింటెయిల్. గరిటెలాంటి వెడల్పు ముక్కుతో నీళ్లను వడకడుతూ గుండ్రంగా తిరిగేది షోవెలర్. కంటిమీద తెల్లటి కనుబొమ గీసినట్టుండేది గార్గనీ. షోవెలర్ ముక్కు తప్ప ఈ గుర్తులన్నీ మగబాతులవి. ఆడవి మూడూ మచ్చల మట్టిరంగే, కొత్తవాళ్లకు దూరంనుంచి ఒకేలా కనిపిస్తాయి.

మొదటి రెండు వారాలు నా కష్టమంతా బైనాక్యులర్స్‌తోనే. గ్రూపువాళ్లు 8×42 అరువిచ్చారు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. ఎంతసేపు చూసినా రెండు నల్లటి వలయాలు తప్ప ఏమీ కనపడేది కాదు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గర ఉండే రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేసుకోవాలని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఒక్కటీ సరిచేసుకున్నాక చెరువు మొత్తం తెరుచుకుంది. ఇంకో చిట్కా కూడా అప్పుడే నేర్చుకున్నాను: ముందు పక్షిని మామూలు కంటితో పట్టుకోవాలి, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. అద్దంలోంచి వెతకడం మొదలుపెడితే పక్షి దొరకదు.

ఈ జనవరి లెక్కను ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అంటారు. 1987లో మన ఉపఖండంలో మొదలై తర్వాత ఆసియా అంతా విస్తరించింది. జనవరి ఎందుకంటే, సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చిన పక్షులు అప్పటికి ఎక్కడివక్కడ స్థిరపడి ఉంటాయి. రాకా పూర్తయింది, పోకా మొదలు కాలేదు. అన్ని చెరువుల్నీ దాదాపు ఒకే రోజుల్లో చూస్తే ఒకే గుంపు రెండుచోట్ల లెక్కకు రాదు. మన దగ్గర చిక్కల్లా ఒక్కటే, ఆ రోజుల్లోనే సంక్రాంతి. హైదరాబాద్ సగం ఖాళీ అయిపోతుంది. గ్రూపులో ఎక్కువమంది గోదావరి వైపో పాలమూరు వైపో వెళ్లిపోతారు. మనుషులు చాలకపోవడం అందుకే.

ఈసారి కనుమ శుక్రవారం పడింది. శనివారం సాయంత్రం శిక్షణ, ఆదివారం లెక్క. పండక్కి కైకలూరు వెళ్లాను. కనుమ రాత్రి బస్సుకు బయల్దేరుతానంటే అమ్మ ఒప్పుకోలేదు. "కనుమ నాడు కాకైనా కదలదు, నువ్వెక్కడికే?" అంది. అర్ధరాత్రి దాటాక ఎక్కేలా ఇంకో బస్సు చూసుకున్నాను. గడప దాటుతుంటే, "అక్కడ గూడబాతులుంటే అవీ రాస్తారా?" అని అడిగింది. రాస్తారన్నాను.

శిక్షణ ఇచ్చింది బాటనీ లెక్చరర్‌గా రిటైరైన ఒక సార్. గోడమీద ఒక ఫొటో వేసి అయిదు సెకన్లు చూపించి తీసేశారు. ఎన్ని పక్షులో రాయమన్నారు. నేను 80 రాశాను. ఉన్నవి 214. తక్కువ రాయడమే అందరికీ అలవాటట, గుంపు పెద్దదయ్యేకొద్దీ కన్ను ఇంకా తక్కువ చెబుతుందట. నా జంటగా సిద్దిపేట కుర్రాడిని వేశారు, ఇంజినీరింగ్ మూడో ఏడు. అతనిది మూడో లెక్క. నా ఉద్యోగం సంగతి విని, "అయితే మీకు ఇది సులువే అక్కా. ఒక్కొక్కటి లెక్కపెట్టొద్దు. ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగ పడుతున్నయో చూడండి. అంత కొలతే గుంపుమీద పరుచుకుంట పొండి" అన్నాడు. 100 నోట్లు ఒక ప్యాకెట్, పది ప్యాకెట్లు ఒక బండిల్. నాకు అలాగే అర్థమైంది. తేడా ఏమిటంటే ఇక్కడ నోట్లు ఈదుతుంటాయి, మునుగుతుంటాయి.

ఆదివారం పొద్దున ఆరున్నరకు తూర్పు గట్టు మీద నిలబడ్డాం. సూర్యుడు వీపు వెనక ఉండాలి, లేకపోతే ఎదురెండలో బాతులన్నీ నల్లటి ముద్దలే. నీళ్లమీద పొగమంచు ఇంకా తొలగలేదు, ఏడుంపావు దాకా ఆగాం. ఆ ఖాళీలో ఫారం పైభాగం నింపాం: చెరువు పేరు, సమయం, నీటిమట్టం, వెలుతురు, చేపల వలలు ఉన్నాయా, చెత్త పోస్తున్నారా. పక్షుల పట్టికకు ముందే ఇన్ని గడులెందుకని అడిగితే, "వచ్చే ఏడు పక్షులు తగ్గితే ఎందుకు తగ్గినయో చెప్పేది ఈ గడులే" అన్నాడు నన్ను అక్కా అని పిలిచే ఈ సిద్దిపేట తమ్ముడు.

మంచు విడిచాక నేను ఎడమ ఒడ్డు నుంచి మొదలుపెట్టాను. నుదుటిమీద తెల్లబొట్టుండే నల్లటి నీటికోళ్లు, అంటే కూట్స్, అన్నిటికంటే ఎక్కువ. పది, ఇరవై, ముప్ఫై... 340 దగ్గర ఉండగా అవతలి తుంగలోంచి ఒక మార్ష్ హ్యారియర్ లేచింది. రెక్కలు కాస్త పైకెత్తి తేలుతూ వెళ్లే గద్ద జాతి పక్షి, అదీ చలికాలపు చుట్టమే. చెరువు మీదుగా ఒక్కసారి వాలుగా వచ్చేసరికి బాతులన్నీ గాల్లోకి లేచాయి. ఆ రెక్కల చప్పుడు నేను అంతకుముందు వినలేదు, వాన దూరంనుంచి దగ్గరికి వస్తున్నట్టు ఉంది. రెండు చుట్లు తిరిగి మళ్లీ వాలాయి, కానీ ఒకటీ ముందున్న చోట లేదు. మళ్లీ మొదటినుంచీ. ఇది మాత్రం నాకు అలవాటే.

రెండోసారి ఇద్దరం విడివిడిగా చేశాం, చెప్పుకోకుండా. కూట్స్ నాకు 640 వచ్చాయి, అతనికి 510. చోటు మార్చి, దక్షిణపు గట్టునుంచి మూడోసారి పెట్టాం. నాకు 573, అతనికి 560. నేను 573 రాయబోతుంటే మా వెనకే వచ్చిన సార్ ఆపారు. "570 మీద ఆ మూడు మీకు విడిగా కనపడ్డాయామ్మా?" అన్నారు. కనపడలేదు. పదులుగా కొలిచి, చివర మిగిలిన మూడింటిని కలిపాను. "573 అని రాస్తే, చదివేవాళ్లు ఒక్కొక్కటీ చూశారనుకుంటారు. మీరు చూసిన పద్ధతికి 570 సరైన అంకె. దాని పక్కన అంచనా అని గుర్తు పెట్టండి."

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఖచ్చితంగా కనిపించే అంకె నిజమైన అంకె అని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఇక్కడ అదే అంకె, ఆ మూడు వల్ల, నేను చేయని పనిని చేసినట్టు చెబుతోంది. 570 రాశాను. ఆడబాతుల్లో 14 ఏ రకమో ఇద్దరికీ తేలలేదు. తమ్ముడు 'గుర్తుపట్టని బాతులు 14' అని రాశాడు. పింటెయిల్‌లో కలిపేద్దామని నాకు మనసులో ఉంది, అవే ఎక్కువున్నాయి కదా అని. అలా కలపకూడదు.

ఈ అంకెలకు ఇంత పట్టింపు ఎందుకో సార్ టీ తాగుతూ చెప్పారు. ఒక చిత్తడినేలకు రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలల జాబితాలో చోటు, ఇవ్వడానికి ఉన్న కొలమానాల్లో రెండు నీటిపక్షుల సంఖ్యమీదే ఆధారపడతాయి: క్రమం తప్పకుండా 20,000 నీటిపక్షులు ఉండాలి, లేదా ఒక జాతి మొత్తంలో ఒక శాతం అక్కడ ఉండాలి. ఆ మొత్తం ఎంతో తెలియాలన్నా ఇలాంటి లెక్కలే దిక్కు. మా కొల్లేరు 2002లో ఆ జాబితాలో చేరింది. నేను అక్కడే పుట్టి పెరిగి కూడా, ఆ గుర్తింపు వెనక ఎవరో ఇలా గట్టుమీద నిలబడి రాసిన కాగితాలు ఉంటాయని ఒక్కనాడూ ఆలోచించలేదు.

తిరిగి వస్తుంటే తుమ్మచెట్టు కొమ్మకు ఒక గుడ్డికొంగ వేలాడుతూ కనిపించింది. పండగ పతంగుల నైలాన్ మాంజా రెక్కకు చుట్టుకుని, విడిపించుకునే కొద్దీ బిగిసింది. మేం చూసేసరికి ప్రాణం పోయి ఒకరోజు అయివుంటుంది. ఈ దారాన్ని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా ఆ ఒక్క చెట్టుమీదే మూడు రంగుల దారం ఉంది. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి కత్తెర తీశాడు. దారాన్ని లాగకూడదు, ముక్కలుగా కత్తిరించి సంచిలో వేసుకోవాలి, లేకపోతే కిందపడి ఇంకోదాని కాళ్లకు చుట్టుకుంటుంది. దాన్ని ఫారంలో ఎక్కడ రాయాలని అడిగాను. పక్షుల పట్టికలో కాదు, ముప్పుల గడిలో. 'మాంజా, గుడ్డికొంగ ఒకటి మృతి' అని నేనే రాశాను. తర్వాతి ఆదివారం పన్నెండు మందిమి వెళ్లి ఆ గట్టుమీది చెట్లన్నిటికీ ఉన్న దారం తీశాం. మీ చెరువుకు అసలు లెక్కపెట్టేవాళ్లు లేకపోయినా ఈ పని మాత్రం చేయండి, పండగైన వారంలోనే.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులు జరిగింది. అది తేలిక: ఎక్కడైనా కనీసం 15 నిమిషాలు నిలబడి, చూసినవన్నీ ఈబర్డ్ యాప్‌లో రాయడమే. అంకె వేయలేకపోతే ఎక్స్ అని పెట్టి వదిలేయొచ్చు. నేను మాత్రం ఎక్స్ పెట్టలేదు, అంచనాయే వేశాను. మా కాలనీ బడిపిల్లలు పదిమంది వచ్చారు. ఒక పాప తీగమీది పాలపిట్టను చూసి, "ఇదేనా దసరాకు చూసేది!" అని ఎగిరింది. వాళ్లచేత గోరింకల్ని పదులుగా లెక్కపెట్టించాను.

మార్చి చివరికి నీళ్లు బాగా లాగేశాయి. ఏప్రిల్ మొదటి ఆదివారం తమ్ముడూ నేనూ ఊరికే వెళ్లాం, గ్రూపు కార్యక్రమం ఏమీ లేదు. పింటెయిల్స్ లేవు, గార్గనీలు లేవు, కూట్స్ ఓ ముప్ఫై ఉన్నాయి. గట్టు దిగగానే తీతువు అరవడం మొదలుపెట్టింది. తీతువు కూస్తే ఇంట్లో చావు కబురు వస్తుందని మా అమ్మ తలుపు వేసేది. ఇది మా తలలమీదుగా ఎగురుతూ, కిందికి దూకుతూ, ముందుకు పోనివ్వడం లేదు. కాస్త దూరంలో గులకరాళ్ల మీద రెండోది కదలకుండా కూర్చుని ఉంది. గుడ్లుంటాయి, అవీ రాళ్లలాగే ఉంటాయి, కాలుపెడితే చితికిపోతాయి. "అటు వద్దు అక్కా" అన్నాడు తమ్ముడు. వచ్చిన దారినే గట్టెక్కాం. నోట్‌బుక్ తీసి తీతువు 2 అని రాశాను. దాని పక్కన అంచనా గుర్తు పెట్టలేదు.