పక్కవాద్యం నేర్పిన చదువు

ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. పగలు డిగ్రీ, సాయంత్రం సంగీతం. మొదటి పాఠాలైన సరళీ వరసల దగ్గర నా పక్కన కూర్చున్నది బడి పిల్లలు. ఇంట్లో సంగీతం ఉన్నవాళ్లకి ఆ పాఠాల రాగం మాయామాళవగౌళ ఉగ్గుపాలతోనే వచ్చేసింది. మా ఇంట్లో పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఎవరూ లేరు.

"ఎవరి తాలూకా అమ్మా నువ్వు?" అని పెద్దవాళ్లు అడిగితే ఊరు, నాన్న పేరు చెప్పేదాన్ని. వాళ్లు అడిగేది గురువు గురించి. మా గురువుగారి గురువు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి దగ్గర చదువుకున్నారు. 1919లో మహారాజావారు పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, 1936 నుంచి నాయుడుగారు. నాదం సన్నగిల్లకుండా కమానుని, అంటే వయొలిన్ వాయించే పుల్లని, మొన దాకా లాగడం ఆ బాణీ. నెలల తరబడి అదొక్కటే సాధన చేశాను. చెయ్యి దానికి అలవాటు పడ్డాక నేనూ ఆ వరసలో మనిషినే అన్న గర్వం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

దూరపు ఊళ్ల నుంచి వచ్చి గది అద్దెకి ఇబ్బంది పడే కుర్రాళ్లకి ఘంటసాల కథ చెప్పేవారు, విజయనగరంలో మధూకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, చదువుకున్నారని. ధైర్యమిచ్చే కథే. కానీ ఆకలిని కూడా సాధనలో కలిపేసి మాట్లాడటం నాకు నచ్చదు.

వయొలిన్ విద్యార్థి ముందుగా పక్కవాద్యం మనిషి, పాడేవాళ్లకి తోడుగా వాయించాలి. అమ్మాయి పాడితే ఐదో శ్రుతి, అబ్బాయి పాడితే ఒకటో శ్రుతి, ఎవరు పాడితే వాళ్లకి తగ్గట్టు తీగలు సవరించుకోవాలి. ఆలాపనలో గాయకురాలు ఆగిన స్వరాన్ని పట్టి నిలపాలి. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ పాడినదానికంటే పొడిగించకూడదు. కీర్తన సాహిత్యం తెలుగే కాబట్టి మాట ఎక్కడ విరుగుతుందో నాకు తెలుసు, కమాను అక్కడే తిరగాలి. ఏళ్ల తరబడి ఇలా ఎదుటి మనిషి ఊపిరిని వింటూ కూర్చుంటే స్వభావం మారుతుంది. ఇంట్లో ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అందుకోవడం మానేశాను. అమ్మ అది ముందు గమనించింది. డిగ్రీ స్నేహితురాళ్లు మాత్రం దూరమయ్యారు. వాళ్ల సాయంత్రాల్లో నేను లేను.

సన్నాయి, డోలు నేర్చుకునేవాళ్లతో స్నేహం ఆలస్యంగా కుదిరింది. గాత్రం, వీణ, వయొలిన్ వాళ్లం ఒక పక్క, వాళ్లు ఒక పక్క కూర్చునేవాళ్లం. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఏ కులం వాళ్లు ఏ వాద్యం పట్టాలన్న పాత లెక్కను ఇళ్ల నుంచే తెచ్చుకున్నాం. మాఘం, వైశాఖం వస్తే వాళ్లు క్లాసులో కనబడరు. మేం పరీక్ష కోసం రుద్దే కీర్తనను వాళ్లు పెళ్లిపందిట్లో వాయించి, ఆ డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లు.

అప్పటికప్పుడు అల్లి వేసే కల్పనస్వరం ముగించి, తాళంలో పల్లవి మొదలయ్యే చోటైన ఎత్తుగడకి వచ్చేటప్పుడు నేను ఎప్పుడూ తడబడేదాన్ని. డోలు నేర్చుకునే ఒక అన్నయ్య నా చేతిలో కమాను పక్కన పెట్టించి, ముందు పల్లవి పాడమన్నాడు. "వేళ్లు లెక్కెట్టకు చెల్లీ, పల్లవి మొదటిమాట లోపల పాడుకుంటా ఉండు, అదే లాక్కొచ్చేస్తాది" అన్నాడు. డిప్లొమా పరీక్షలో కల్యాణి రాగానికి స్వరాలు వేస్తున్నప్పుడు చేసింది అదే. తడబడకుండా ఎత్తుగడకి వచ్చాను.

ఇప్పుడు పెళ్లికి పిలిస్తే సన్నాయి మేళం పక్కన కూర్చుంటాను. డోలు దెబ్బకి తొడ మీద తాళం వేసుకుంటూ రాగం పోల్చుకుంటాను. గాత్రం, వయొలిన్ వాళ్ల డిప్లొమాలో సన్నాయి మేళంతో కలిసి వాయించే పాఠం ఒకటి ఉండాలని కనబడిన ప్రతి మాస్టారికీ చెబుతున్నాను. ఆకాశవాణి బి గ్రేడ్ ఆడిషన్‌కి సాధన కూడా ఆ అన్నయ్య డోలుతోనే చేస్తున్నాను.