కళ్లద్దాల షాపులో పని నేర్చుకోవాలంటే ముందు పీడీ

విజయనగరం కళ్లద్దాల షాపుల్లో పనికి చేరే కుర్రాళ్లకు ముందు ఫ్రేములు అమ్మడం నేర్పుతారు. నా మాట వినండి, ముందు పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, కొలవడం నేర్చుకోండి.

మనిషికి ఎదురుగా 40 సెంటీమీటర్ల దూరంలో, కళ్లు ఒకే ఎత్తులో ఉండేలా కూర్చోండి. మీ కుడికన్ను మూసి, తెరిచి ఉన్న మీ ఎడమకన్నును చూడమనండి. స్కేలు సున్నాను వాళ్ల కుడికంటి పాప మధ్యకు పెట్టండి. స్కేలు కదపకుండా మీ ఎడమకన్ను మూసి, కుడికన్ను తెరిచి దాన్ని చూడమనండి. వాళ్ల ఎడమకంటి పాప మధ్య పడే అంకే దూరపు చూపు పీడీ.

పీడీ తప్పి, మైనస్ 6 లెన్సు మధ్యబిందువు కంటిపాప నుంచి 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 2.4 ప్రిజం (వెలుగును పక్కకు వంచే గుణం) పుడుతుంది. తలనొప్పి, కళ్లు లాగడం. పవర్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి తప్పెక్కడో తొందరగా దొరకదు.

ప్రోగ్రెసివ్‌కైతే (దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో గీత లేకుండా కనిపించే లెన్సు) ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటికి విడిగా కొలవాలి. అద్దం మీద కంటిపాప ఎత్తు గుర్తు మాత్రం ఫ్రేము ముక్కుమీద సరిగ్గా కూర్చున్నాకే పెట్టండి.