కొమ్ములకా, కూరకా? ఎల్క్ ట్యాగ్‌కి అప్లై చేసే ముందే తేల్చుకోవాల్సిన సంగతి

పేరుతోనే చిన్న తికమక ఉంది. యూరప్‌లో ఎల్క్ అంటే మూస్. అమెరికాలో ఎల్క్ అంటే వాపిటి, మన కణుజుకి పెద్దన్న వరస. బాగా ఎదిగిన మగది సుమారు 700 పౌండ్లు, అంటే 320 కిలోలు తూగుతుంది. ఆడది 500 పౌండ్లు. మన దేశంలో కణుజు జోలికి వెళ్తే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలే. కొలరాడో, వయోమింగ్, మోంటానాల్లో మాత్రం ఎల్క్ వేట ప్రభుత్వమే మందల్ని లెక్కగట్టి, ట్యాగులు, అంటే ఒక్కో జంతువుని వేటాడే అనుమతి పత్రాలు, ఇచ్చి నడిపే పని.

డల్లాస్ నుంచో డెన్వర్ నుంచో కొత్తగా దిగేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ట్రోఫీకి, అంటే గోడకి తగిలించే పెద్ద కొమ్ములకి వెళ్ళాలా, మాంసానికి వెళ్ళాలా? నిజానికి కొమ్ములు నరుక్కుని మాంసం వదిలేసి వచ్చే వీలు ఎవరికీ లేదు. కొలరాడోలో అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. నాలుగు కాళ్ళ మాంసం, వెన్నుకి రెండువైపులా ఉండే పొడవాటి కండలు, లోపలి మెత్తటి కండలు తప్పకుండా తీసుకురావాలి. దొంగతనంగా చంపిన బుల్‌కి, అంటే మగ ఎల్క్‌కి, ఒక కొమ్ము మీద ఆరు పాయింట్లు (కొమ్ము నుంచి చీలిన కొమ్మలు) ఉన్నా మామూలు జరిమానా మీద ఇంకో 10,000 డాలర్లు పడతాయి. ఎస్టెస్ పార్క్‌లో ఊరంతా ముద్దుగా చూసుకున్న శాంసన్ అనే బుల్‌ని 1995లో ఒకడు చంపేశాక వచ్చిన చట్టం అది. కాబట్టి మాంసం ఇద్దరూ మోయాల్సిందే. మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే: గురిలో నిలబడ్డ జంతువుల్ని ఎన్నిటిని వదిలేసి, ఖాళీ కూలర్‌తో ఇంటికి రాగలరు?

దీనికి జవాబు కొండ మీద కాదు, చలికాలంలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే కావాలి. బయటి రాష్ట్రాలవాళ్ళకి వయోమింగ్ ఎల్క్ గడువు ఫిబ్రవరి మొదట్లో, కొలరాడోది ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. వయోమింగ్‌లో బయటివాళ్ళకి మామూలు ఎల్క్ ట్యాగ్ 692 డాలర్లు, అదే ఆడదానికీ పిల్లకీ ఇచ్చే ట్యాగ్ 288. ట్యాగులు పంచే లాటరీని డ్రా అంటారు; పోటీ తక్కువుండే ‘స్పెషల్’ డ్రాలో మొదటిదే 1,950 అవుతుంది. పెద్ద కొమ్ములకి పేరున్న యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) ట్యాగ్ రావాలంటే ఏళ్ళ తరబడి డ్రా పాయింట్లు కూడబెట్టాలి, ఇవి కొమ్ము పాయింట్లు కావు. న్యూమెక్సికోలో ఈ డ్రా పాయింట్లే లేవు, అంతా లాటరీ. ఆడ ఎల్క్ ట్యాగులు చాలాచోట్ల మొదటి ఏడాదే దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త. వయోమింగ్‌లో ఫెడరల్ విల్డర్‌నెస్ అని గుర్తించిన అడవుల్లో బయటి రాష్ట్రంవాళ్ళు గైడ్ గానీ, అక్కడి నివాసి గానీ తోడు లేకుండా పెద్ద జంతువుల్ని వేటాడకూడదు. మ్యాప్ చూడకుండా యూనిట్ ఎంచుకుంటే ట్యాగ్ చేతిలో ఉన్నా సగం కొండలోకి అడుగు పెట్టలేరు.

మనవాళ్ళకి ఇంకో మెలిక కూడా ఉంది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మామూలుగా వాడుకునే మినహాయింపు ఏమిటంటే, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. స్నేహితుడి రైఫిల్‌ని షూటింగ్ రేంజ్‌లో రెండుసార్లు పేల్చి చూడాలన్నా ఆ లైసెన్స్ అప్పటికే చేతిలో ఉండాలి. గడువు తీరిన రోజు నుంచీ ఆ మినహాయింపు ఉండదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి.

ఇక లెక్క. కొలరాడోలో ఎల్క్ వేటకి వెళ్ళేవాళ్ళలో ఐదుగురికి ఒకరైనా జంతువుతో తిరిగొస్తే మంచి ఏడాది కిందే లెక్క. మగదైనా ఆడదైనా, చిన్నదైనా పెద్దదైనా అన్నీ కలిపితేనే అది. అందులోంచి ‘పెద్ద ఆరు పాయింట్ల బుల్ మాత్రమే’ అని వడకడితే మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. ఆరు రోజుల సెలవుతో వచ్చి, పబ్లిక్ భూమిలో, మొదటిసారే ట్రోఫీ కావాలనడం తప్పేమీ కాదు గానీ, ఇంట్లో ఫ్రీజర్ కొన్న సంగతి అప్పుడే ఎవరికీ చెప్పొద్దు. మాంసం వేట చవక అనుకోవడమూ భ్రమే. 288 డాలర్ల ట్యాగ్, పెట్రోలు, తిండి, మాంసం కోయించే ఖర్చు కలిపి 1,500 అయిందనుకుందాం. ఆడ ఎల్క్ నుంచి ఎముక తీసిన మాంసం 160 పౌండ్లు వస్తే పౌండు తొమ్మిది డాలర్లు దాటింది. రెండేళ్ళకోసారి దొరికితే దాదాపు రెట్టింపు. కాస్ట్‌కోలో మేక మాంసం ఇంతకంటే తేలిగ్గా దొరుకుతుంది.

మధ్యేమార్గం కావాలంటే రోజుల్ని పంచుకోండి, అదీ ముందే కాగితం మీద రాసుకుని. ఆరు రోజుల్లో మొదటి రెండు రోజులు పెద్ద ఆరు పాయింట్లది. తర్వాత రెండు రోజులు చట్టం ఒప్పుకునే ఏ బుల్ అయినా. చివరి రెండు రోజులు, మీది రెండిటికీ చెల్లే ట్యాగ్ అయితే, ఆడది. రాసుకోకపోతే జరిగేది ఇదీ: మొదటి పొద్దున గుండె దడదడలాడుతుంటే రెండేళ్ళ చిన్న బుల్‌ని కొట్టేసి సాయంత్రానికి ఏడుపు, లేదా మంచి బుల్‌ని ‘ఇంకా పెద్దది వస్తుంది’ అని వదిలేసి ఆరో రోజు ఏడుపు.

పెద్దదేదో చిన్నదేదో తెలియాలంటే కళ్ళకి అలవాటు కావాలి. ఏడాది వయసు మగదానికి రెండు సూదుల్లాంటి కొమ్ములే ఉంటాయి. రెండు మూడేళ్ళ దాన్ని రాగ్‌హార్న్ అంటారు. దానికి నాలుగైదు పాయింట్లుంటాయి గానీ కొమ్ము సన్నం, మెడ సన్నం, పొట్ట లేదు. కొలరాడోలో చాలా యూనిట్లలో ఒకవైపు నాలుగు పాయింట్లయినా ఉండాలి, లేదా నుదుటి మీద ముందుకొచ్చే కొమ్మ ఐదంగుళాలైనా ఉండాలి. అది లేనిది కొడితే కేసే. ముదిరిన బుల్‌లో ముందు చూడాల్సింది నుదుటి దగ్గర్నుంచి లెక్కిస్తే నాలుగో కొమ్మ, మామూలుగా అదే అన్నిటికంటే పొడుగు. తర్వాత మూడో కొమ్మ చూడండి. చాలా బుల్స్ స్కోరు పడిపోయేది అక్కడే. నాలుగో కొమ్మ దాటాక కొమ్ము ఇంకా చాలా దూరం వెనక్కి సాగిందంటే ముదురుదని అర్థం. కొలతకి చెవిని వాడుకోవచ్చు, అది ఎనిమిది తొమ్మిది అంగుళాలుంటుంది. పెద్ద కొమ్ముల రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పుస్తకంలోకి ఎక్కాలంటే మామూలు ఆకారపు కొమ్ములకి కొలతలన్నీ కలిపి 375 అంగుళాలు రావాలి, మూడేళ్ళకోసారి వేసే అవార్డుల జాబితాకి 360. కొలిచేది కొమ్ములు 60 రోజులు ఆరాక. ఎడమకీ కుడికీ తేడా ఉన్నంత మేర అంకెలు కోసేస్తారు. పబ్లిక్ కొండల్లో కనబడే మంచి ఆరు పాయింట్ల బుల్ 280, 300 దగ్గర ఆగుతుంది. గోడకి అది చాలు. పుస్తకం కోసం అయితే ఆశ వదులుకోవడం మేలు.

ఆడదాన్ని గుర్తుపట్టడానికి ముఖం చూడాలి. పొట్టి మూతి ఉంటే ఆ ఏడాది పిల్ల, పొడుగు గుర్రం మూతి ఉంటే ముసలిది. మధ్యస్థంగా, ఒంటరిగా, పక్కన పిల్ల లేకుండా ఉన్న పడుచు ఆడదే మాంసానికి అన్నిటికంటే రుచి. మందలో ముందు నడిచేది తరచూ ముసలిదే. చాలామంది ఆత్రంగా దాన్నే కొడతారు, ఎందుకంటే ముందు కనబడేది అదే.

సీజన్ కూడా ఈ నిర్ణయం మీదే ఆధారపడుతుంది. సెప్టెంబరు రెండో సగంలో మదమెక్కిన బుల్స్ ఈల వేసినట్టు అరుస్తాయి, పిలిస్తే వస్తాయి. ట్రోఫీకి అంతకంటే మంచి రోజులు లేవు. కానీ అప్పుడు ఎండ, ఈగలు. పైగా బుల్ తన మూత్రంతో తన ఒళ్ళే తడుపుకుని ఉంటుంది. ఆ జుట్టు ముట్టుకున్న చేత్తో మాంసం ముట్టుకుంటే కంపు అంటుకుంటుంది. ‘మదం మీదున్న బుల్ మాంసం తినలేం’ అనే మాటకి సగం కారణం ఇదే, మిగతా సగం ఆలస్యంగా చల్లార్చడం. అక్టోబరు చివరికి బుల్స్ అలసిపోయి, మందని వదిలి, దట్టమైన అడవిలో ఎత్తున ఒంటరిగా పడుంటాయి. నవంబరు మంచుకి ఆడవి మందలుగా కిందికి దిగుతాయి. మాంసానికి అదే సమయం: చలి, దగ్గర దారి, బండి వెళ్ళే చోటు.

తూటా విషయం క్లుప్తంగా. .270, .30-06, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, ఏదైనా సరిపోతుంది. సీసం తూటా లోపల ముక్కలై, గాయానికి అడుగు దూరం దాకా కంటికి కనబడని రేణువులు చల్లుతుంది. తినడానికి అయితే రాగి తూటా వాడండి. గురి ముందుకాలి వెనక, ఊపిరితిత్తుల మీద. భుజం ఎముక మీద కొడితే అక్కడే పడుతుంది గానీ జబ్బ మాంసం రక్తపు ముద్దైపోతుంది.

జంతువు పడ్డాక మొదలయ్యేదే అసలు పని. మాంసానికి శత్రువు వేడి. ఎల్క్ తోలు దుప్పటిలాంటిది. మంచులో పడున్నా కింది వైపు చల్లారదు. రాత్రి వదిలేసి పొద్దున వస్తాం అనుకుంటే తొడ కీలు దగ్గర, ఎముక చుట్టూ మాంసం పుల్లబడి పచ్చగా మారుతుంది. పైకి ఏమీ తెలియదు, కోశాక వాసన కొడుతుంది. అందుకే పొట్ట కోయకుండానే పని కానిచ్చే పద్ధతి అందరూ నేర్చుకోవాలి. పక్కకి తిప్పి, వెన్ను మీదుగా తోలు చీల్చి, పైవైపు జబ్బ, తొడ ఊడదీసి, వెన్ను కండ, మెడ మాంసం తీసి, జంతువుని తిప్పి రెండోవైపు అదే పని. చివర్లో ఆఖరి పక్కటెముక వెనక చేయి పెట్టి లోపలి మెత్తటి కండలు లాగాలి. గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి నీడలో వేలాడదీయాలి. ప్లాస్టిక్ కవర్లో వేశారో, ఉడికించినట్టే. మగదో ఆడదో తెలిసే ఆధారం ఒక ముక్కకి అంటిపెట్టుకునే ఉంచాలి, దారిలో ఆఫీసర్ అడుగుతాడు.

ఎండగా ఉంటే ఎముక వెంటనే తీసేయండి. చల్లగా ఉంటే మాత్రం తొందర వద్దు. కండ బిగుసుకుని మళ్ళీ సడలకముందే ఎముక తీస్తే అది ముడుచుకుపోయి గట్టిపడుతుంది. ఒక రోజు ఎముకతోనే వేలాడనిస్తే మెత్తన.

పెద్ద బుల్ నుంచి ఎముక లేకుండా 220 పౌండ్ల దాకా వస్తుంది. ఒక్కడు మోస్తే నాలుగు మోతలు, తలా తోలూ కలిపితే ఐదు. బండి మూడు మైళ్ళ దూరంలో ఉంటే రానూపోనూ 30 మైళ్ళ నడక. ఆడదైతే మూడు మోతల్లో అయిపోతుంది. ట్రోఫీ వేటగాడి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే తోలుకీ మాంసానికీ గడియారం ఒకేసారి తిరుగుతుంది. భుజం దాకా మౌంట్, అంటే గోడకి పెట్టేలా తలని తోలుతో నిలబెట్టడం, చేయించాలంటే గొంతు కోయకూడదు. ముందుకాళ్ళకి బాగా వెనక చుట్టూ కోసి, వెన్ను మీదుగా మెడ దాకా చీల్చి, తోలుని మేజోడులా ముందుకి లాగాలి. ఎండలో ఆలస్యమైతే వెంట్రుకలు ఊడిపోతాయి. ఒక్కరే ఉంటే మాంసం ముందు, తల చివర. ఇద్దరు లేకుండా సెప్టెంబరులో మూడు మైళ్ళ లోపలికి పోయి పెద్ద బుల్‌ని కొట్టడం మాకు నచ్చని పని. వాయవ్య వయోమింగ్‌లో అయితే గ్రిజ్లీ ఎలుగుబంట్లు కూడా ఉంటాయి. మాంసం పేగుల కుప్పకి కనీసం వంద గజాల దూరంలో, దూరం నుంచే కనబడేలా వేలాడదీయాలి.

మౌంట్‌కి వెయ్యి డాలర్ల పైమాటే, ఏడాది దాకా పడుతుంది. పైగా గోడ నుంచి నాలుగడుగులు ముందుకొస్తుంది, మామూలు అపార్ట్‌మెంట్‌లో సోఫా జరపాలి. పుర్రె మాత్రమే శుభ్రం చేసి కొమ్ములతో పెట్టుకుంటే చవక, ఇంట్లోనే చేసుకోవచ్చు. సోడా యాష్ వేసిన నీళ్ళలో సన్నమంట మీద, మరగనివ్వకుండా ఉంచి, మాంసం గీకేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించండి. క్లోరాక్స్ లాంటి బ్లీచ్ వాడితే ఎముక లోపల్నుంచి పొడిపొడి అవుతుంది. మాంసానికి వెళ్ళినవాళ్ళూ పైదవడలో రెండు కోర పళ్ళు తీసుకోవడం మర్చిపోకండి. అవి ఏనుగు దంతం లాంటివి, ఆడదానికీ ఉంటాయి.

దుప్పి జాతికి వచ్చే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బుని 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో మొదట గమనించారు. గొంతు వెనక లింఫ్ గ్రంథులతో పరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తే తినొద్దని సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) సలహా. ఫలితం వచ్చేదాకా ఆ మాంసాన్ని విడిగా ఉంచండి. మెదడు, వెన్నెముక ఉన్న తలని రాష్ట్రం దాటించడం చాలాచోట్ల నిషేధం, ట్రోఫీవాళ్ళు పుర్రె అక్కడే శుభ్రం చేయించుకోవాలి.

కోయించే దుకాణంలో రెండు మాటలు నోరు తెరిచి అడగాలి. ఒకటి, కీమాలో ఏ కొవ్వు కలుపుతారు? ఎల్క్ దుప్పి జాతి, మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి అడక్కపోతే బీఫ్ కొవ్వో పంది కొవ్వో కలిపేస్తారు. బీఫ్ తినని ఇళ్ళలో ఇది పెద్ద విషయం. ఏమీ కలపొద్దని రాయించి, ఇంట్లో వండేటప్పుడు నూనె కాస్త ఎక్కువ వేసుకోవచ్చు. రెండు, ఇచ్చేది మా జంతువు మాంసమేనా, నలుగురిదీ కలిపిందా? సాసేజ్‌కి కలిపేసే దుకాణాలున్నాయి. ఫ్రీజర్‌లో ఘనపు అడుగుకి 35 పౌండ్లు పడతాయి, ఆడ ఎల్క్‌కి ఐదు ఘనపు అడుగులది చాలు. ఎల్క్ సొంత కొవ్వు మాత్రం మైనంలా అంగిలికి అంటుకుంటుంది, కనబడినంతా కోసి పారేయండి. వెన్ను కండని కుక్కర్లో పెడితే రబ్బరే. పెనం మీద వేడిగా, లోపల ఎర్రగా ఉండగానే దించాలి. కాలి పిక్క ముక్కలు గోంగూరతో కుక్కర్లో ఆరేడు విజిల్స్ వచ్చేదాకా ఉంచితే నల్లితో సహా కరుగుతాయి. ముసలి బుల్‌ని కొట్టుకొచ్చినవాళ్ళు తొడలు కూడా కీమాకే ఇచ్చేయడం మంచిది.